నాలుగేళ్ళ నాటి రొట్టె

గుండ్రెడ తెల్లవారగానే సావిడి తలుపులు రెండూ మూయించి, తాళంచెవి నడుముకు కట్టుకుంది. రొట్టె కాలి, అందరూ తిని, తేలాల్సింది తేలేదాకా ఇంట్లోంచి పిల్లి కూడా బయటికి పోవడానికి వీల్లేదంది. పిల్లి అప్పటికే పోయింది. మనుషులు మాత్రం ఉండిపోయారు.

నిన్న రాజుగారి సార్జంటు వాకిట్లో నిలబడి వినిపించిన మాటలు ఆవిడ చెవుల్లో ఇంకా గింగురుమంటున్నాయి. అవి ఆవిడ మాటలే. తపస్సుకాలం రేపు మొదలనగా, మాంసం ముట్టే ఆఖరి భోజనంలో, బార్లీ కల్లు నాలుగు గుక్కలు ఎక్కువై అన్నవే. నార్మండీని నిలబెట్టుకోలేని మెత్తకత్తి పన్నుల పేరుతో మన రొట్టెలు కొయ్యడానికి మాత్రం భలే పదునుగా ఉంటుందని అంది.

నార్మండీ సీమను ఫ్రాన్సు రాజుకు పోగొట్టుకున్న మా రాజుని మెత్తకత్తి అని మా లోయలో పందులు కాసేవాడి దగ్గర్నుంచి అందరూ అంటారు. కాని ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని అంటారు. సార్జంటు ఆ మాటను పొల్లుపోకుండా, ఆవిడ నవ్విన చోట తనూ నవ్వి మరీ ఒప్పజెప్పాడు.

అంతటితో ఊరుకోలేదు. పెద్దకొడుకు వారిన్‌ను అప్పగించడానికి రేపటి మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు. లేకపోతే ఇంట్లోంచి ఒక మనిషిని జామీనుగా తీసుకుపోతానన్నాడు. ఈ రాజు దగ్గరికి జామీనుగా వెళ్ళినవాళ్ళ గతి ఏమిటో దేశమంతా ఎరుగును. వారిన్ చేసిన నేరం కూడా అలాంటి జామీను వల్లే వచ్చింది. అతను కోటకు కాపలా ఉన్న రోజుల్లో, తెల్లవారితే ఉరి తియ్యబోయే ఎవరో దొర కొడుకును చూసి గుండె చెరువై, దొడ్డిగుమ్మం తెరిచి వదిలేశాడు. ఇప్పుడు దొరికితే ఆ తాడు వారిన్ మెడకే. కోతల కాలంలో పారిపోయినవాడు స్కాట్లండు చేరుకుని ఉంటాడని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు.

అతని భార్య అవీస్ కూడా అలాగే నమ్ముతున్నట్టు కనిపిస్తుంది.

ఆ రాత్రి బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు బయటివాళ్ళు కారు. గుండ్రెడ, ఆవిడ చిన్నకొడుకు ఓస్బర్ట్, అతని భార్య మాబిలియా, పెద్దకోడలు అవీస్, పాదిరి హామోగారు. వడ్డించింది ముసలి టర్స్టన్. ఈ ఆరుగురిలో ఎవరి నాలుకో సార్జంటు దాకా సాగింది. ఎవరిదో తేల్చకుండా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని గుండ్రెడ పట్టుపట్టింది.

"అమ్మా, సార్జంటు రేపొస్తాడు. ఆలోచించాల్సింది వాడికేం చెప్పాలా అని. నువ్వేమో పిండి పిసుకుతూ కూర్చున్నావు" అన్నాడు ఓస్బర్ట్.

"వాడికేం చెప్పినా ముందు నా ఇంట్లో ఉన్న వాడి చెవికి తెలుస్తుంది కదరా. ఆ చెవి కోసేశాకే ఆలోచిస్తాను."

అసలు ఆవిడ అనుకున్నది చర్చిలో సాక్షాత్తూ పునీతుడి ఎముక మీద అందరి చేతా ప్రమాణం చేయించాలని. కాని పోపుగారికీ రాజుకీ చెడి, ఇంగ్లండులో చర్చిలన్నీ మూతపడి నాలుగేళ్ళయింది. గంట మోగదు, పూజ లేదు. చచ్చినవాళ్ళను దారి పక్క గుంటలో పూడ్చుకుంటున్నాం. పెద్దలిద్దరూ పంతాలకు పోయి కూర్చుంటే, మా ముసలివాళ్ళు దీవెన లేకుండా మట్టిలో కలిసిపోతున్నారు. ఇందులో ఎవరిది తప్పో నాకు తెలియదు. ఇద్దరిలో ఎవరూ మా గుంటల వైపు వచ్చి చూడలేదని మాత్రం తెలుసు.

పాదిరిగారిని కనీసం రొట్టె అయినా దీవించమంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం, పోయేవాడి పాపాలు విని క్షమించే పాపసంకీర్తనం, ఈ రెండు తప్ప ఇంకేం చేసినా తన అంగీ ఊడుతుందన్నాడు.

"మీ అంగీ మీరే ఉంచుకోండి. నా దగ్గర దీవించిన రొట్టె ఉంది" అంది గుండ్రెడ.

నిజంగానే ఉంది. చర్చి తలుపులు మూసే ముందటి ఆదివారం, పూజ అయ్యాక పంచిన రొట్టెలో తన వాటా తినకుండా నారబట్టలో చుట్టి పెట్టెలో దాచింది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే నోట్లో వెయ్యడానికని దాచుకుంది. అది రాయిలా గట్టిపడి ఉంది. రోట్లో వేసి తనే దంచింది. ఆ పొడిని బార్లీ పిండిలో కలిపి, ఉప్పు వెయ్యకుండా, మెత్తదనానికి ఏమీ కలపకుండా ముద్ద చేసింది. ఆవిడ అమ్మమ్మ వాళ్ళ కాలంలో దొంగను పట్టే పద్ధతి ఇదేనట. నిర్దోషి గొంతులో రొట్టె దిగుతుంది. దోషి గొంతులో అడ్డం పడుతుంది.

పొయ్యి పక్కన దండేనికి ఎండుచేపలు వేలాడుతున్నాయి. వేడికి వాటి వాసన సావిడంతా కమ్ముకుంది. ఆ వాసనకు అవీస్ కిటికీ దగ్గరికి జరిగి, చెక్క తలుపు సందులోంచి వచ్చే చలిగాలికి ముఖం పెట్టింది.

ఆమెకు మూడు నెలలు దాటింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే మొదట లెక్క పెట్టుకుంటారు. కోతల కాలంలో వెళ్ళిన మగడు స్కాట్లండులో ఉంటే, ఇప్పుడు భార్య కడుపు ఎలా పండిందని అడుగుతారు. చెడిపోయానని చెప్పుకోవాలి, లేకపోతే వారిన్ స్కాట్లండు పోనేలేదని చెప్పాలి. అతను అడవిలో, పాడుబడ్డ బొగ్గులబట్టీ పక్కన గుడిసెలో ఉన్నాడు. నెల క్రితం కాలు విరగ్గొట్టుకున్నాడు, నడవలేడు. అడవి అంచున ఉండే కుష్ఠురోగి అవ్వకు అన్నదానమని చెప్పి, అవీస్ బుట్టలో తిండి పట్టుకెళ్ళి అతనికి పెట్టి వస్తోంది.

అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. నోట్లో గాని, సంచిలో గాని తాయెత్తులు, మంత్రించిన వేర్లు లాంటివి దాచుకుంటే రొట్టె పని చెయ్యదు కాబట్టి, నడుం సంచులన్నీ బల్ల మీద బోర్లించమంది గుండ్రెడ. టర్స్టన్ సంచిలోంచి ఊడిపోయిన పన్ను ఒకటి పడింది. పాదిరిగారి సంచిలోంచి ఎండిన అత్తిపండు పడింది, తపస్సుకాలంలో పస్తులుండమని మాకు చెప్పే ఆయన సిగ్గుపడ్డాడు. ఓస్బర్ట్ సంచి తిరగేస్తే గుప్పెడు ఎండు ఆపిల్ ముక్కలు జలజల రాలాయి.

"ఇన్ని ఎందుకండీ? మీకు పులుపు పడదుగా" అంది మాబిలియా.

"గుర్రాలకే" అన్నాడు ఓస్బర్ట్.

అవీస్ ఆ ముక్కల వైపే చూస్తూ ఉండిపోయింది. నిన్న సార్జంటు ఎర్రగుర్రం వాకిట్లోకి వస్తూనే గుర్రాలవాడి భుజం కండ ఊడేలా కొరికింది. కళ్ళెం పట్టుకోవడానికి ఎవరూ దగ్గరికి పోలేదు. ఓస్బర్ట్ పోయాడు. ఆ రాక్షసి గుర్రం అతన్ని చూసి చెవులు నిక్కించి, తల వంచి, మూతితో అతని నడుం సంచిని పొడుస్తూ వెతుక్కుంది. నిన్న ఆమె అదంతా చూసి, గుర్రాల సంగతి మరిదికి బాగా తెలుసని అనుకుంది. ఇప్పుడు అనుమానం తగిలింది. కొత్త మనిషి సంచిలో ఏముందో గుర్రానికెలా తెలుస్తుంది? ఎన్నిసార్లు తినిపించి ఉంటాడు, ఎక్కడ కలుసుకుని తినిపించి ఉంటాడు? వారిన్‌ను ఉరి తీస్తే అతని పేరున ఉన్న ఈ థార్న్‌బెక్ పొలాలు రాజు చేతిలోకి పోతాయి. రాజు చేతిలోంచి మళ్ళీ ఎవరి చేతిలో పడాలో మాట్లాడుకునే ఉంటారు.

"ఈ ఇంటి ఉప్పు తిని, ఈ ఇంటి మాట బయట అమ్మినవాళ్ళ గొంతులో ఈ రొట్టె అడ్డం పడాలి" అని గుండ్రెడ గట్టిగా అని, మొదటి ముక్క తనే నోట్లో వేసుకుంది. నమిలి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మింగింది.

పాదిరిగారు కళ్ళు మూసుకుని మింగాడు. మాబిలియా ఏడుస్తూనే తినేసింది, ఆ పిల్ల ఏడవకుండా ఏ పనీ చెయ్యదు. టర్స్టన్‌కు మిగిలిన పళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, పాపం బుగ్గన పెట్టుకుని నానబెట్టుకుంటున్నాడు. టర్స్టన్ తాత మింగేలోపు సార్జంటు వచ్చి భోజనం చేసి వెళ్ళిపోతాడని ఓస్బర్ట్ నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. తన ముక్కను అతను గుటుక్కున మింగి, తల్లికి నోరు తెరిచి చూపించాడు కూడా.

గుండ్రెడ కొడుకు వీపు మీద చెయ్యేసింది. రాత్రంతా ఆవిడకు ఎవరి మీద భయం ఉందో ఆ చెయ్యి చెప్పింది.

అవీస్ వంతు వచ్చింది. ఆమె ముక్కను చిన్నదిగా కొరికింది. పొడి పొడిగా నాలుకకు అంటుకుపోయింది. మింగాలని చూసింది. ఎండుచేపల వాసన ఒక్కసారిగా ముక్కుపుటాలకు తగిలింది. కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. రొట్టె అరచేతిలో పడింది.

మాబిలియా నీళ్ళచెంబు అందుకుంది. గుండ్రెడ ఆ చెంబును ఆమె చేతిలోంచి లాక్కుని కింద పెట్టింది.

"నువ్వా?" అంది గుండ్రెడ.

కాదంటే, మరి ఎందుకు మింగలేకపోయావని అడుగుతారు. ఆ మాటకు జవాబు వారిన్ ప్రాణం. ఆ జవాబు వారిన్‌ను అమ్మినవాడి ముందే చెప్పాలి. అందుకని అవీస్ నేల చూస్తూ నిలబడింది.

మాబిలియా మాత్రం నమ్మలేకపోయింది. "అక్కా, పోనీ ఒంట్లో బాగాలేదని చెప్పు. నిన్న కూడా ఏం తినలేదు కదా" అంది. పనికిమాలిన ఏడుపుల పిల్ల అని మా లోయలో అందరం అనుకునేవాళ్ళం గాని, ఆ ఇంట్లో ఆ పూట అవీస్ వైపు మాట్లాడింది అదొక్కతే.

ఓస్బర్ట్ బల్ల మీది ఆపిల్ ముక్కలను ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"వదినా, మీరు కుష్ఠు అవ్వకని బుట్ట పట్టుకెళ్తున్నారుగా. ఆ అవ్వ క్రిస్మస్‌కి ముందే పోయింది. మరి ఆ బుట్టలో రొట్టెలు ఎవరు తింటున్నారు?"

టర్స్టన్ ఇంకా నములుతూనే తల ఊపాడు. అవ్వను తనే పాతిపెట్టి వచ్చానన్నాడు. ఈ సంగతి అతను ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగనూ లేదు.

గుండ్రెడ చూపు కోడలి ముఖం మీది నుంచి కదలలేదు. పాదిరిగారు శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంకొక్క ప్రశ్న పడితే బుట్ట ఏ దారిన పోతోందో బయటపడుతుంది. వేటకుక్కలను ఆ దారిన వదిలితే బట్టీ దగ్గరికి వెళ్ళి ఆగుతాయి. అవీస్‌కు ఇంకేమీ తోచలేదు.

"సార్జంటు మనుషులు తింటున్నారు. వాళ్ళని కలవడానికే వెళ్తున్నాను. ఆ మాట చెప్పింది నేనే" అంది.

టర్స్టన్ నోట్లోది మింగేశాడు. ఓస్బర్ట్ చెయ్యి మాత్రం ఆపిల్ ముక్క మీద ఆగిపోయింది.

అతను తల ఎత్తి వదిన వైపు చూశాడు. ఆ చూపు అందుకోగానే అవీస్‌కు తను చేసిన పొరపాటు తెలిసింది. తను చెప్పింది అబద్ధమని ఆ గదిలో ఒకే ఒక్కడికి తెలుసు. చెప్పింది ఎవరో వాడికి తెలుసు కాబట్టి తెలుసు. నేరం తన నెత్తిన వేసుకునేంత పెద్ద రహస్యం ఆ బుట్టలో ఏముందా అని వాడు ఇప్పుడు ఆలోచిస్తున్నాడు.

గుండ్రెడ కోడలిని కొట్టలేదు, తిట్టలేదు. తన కొడుకు ఏ దేశంలో ఏ చలికి వణుకుతున్నాడో, పెళ్ళాం ఇక్కడ వాడి మెడకు తాడు పేనుతోందని పాదిరిగారితో చెప్పింది. కోడలు పక్కనే ఉన్నా పాదిరిగారితో చెప్పింది. సార్జంటుకు జామీను కావాలి కదా, వాళ్ళ మనిషిని వాళ్ళకే ఇచ్చేద్దామంది. రేపు మధ్యాహ్నం అవీస్ పోతుంది. గుండ్రెడ తాళం తీసింది. ఓస్బర్ట్ అందరికంటే ముందు బయటికి నడిచాడు.

పొద్దు వాలకముందే గుండ్రెడ అవీస్ ఉన్న పై గదికి వచ్చింది. చేతిలో ఉన్ని దుప్పటి, వారిన్ పెళ్ళినాడు పెట్టిన వెండిపువ్వుల నడికట్టు ఉన్నాయి. ద్రోహి అయినా థార్న్‌బెక్ కోడలు బిచ్చగత్తెలా పోకూడదని ఆవిడ పట్టుదల. ఇలాంటి వాటిలో ఆవిడ ఎప్పుడూ ఇంతే, ఉరికంబం ఎక్కేవాడి చొక్కాకు కూడా బొత్తాం కుట్టి పంపే మనిషి.

"నిలబడు" అంది. ముఖం చూడకుండా నడికట్టు చుట్టి బిగించింది. కొస అందలేదు. మళ్ళీ లాగింది. అవీస్ ఊపిరి బిగబట్టింది. అయినా అందలేదు.

గుండ్రెడ చేతులు అక్కడే ఆగిపోయాయి. నడికట్టు వదిలేసి, అరచెయ్యి కోడలి పొత్తికడుపు మీద పెట్టింది. ఆవిడ ఐదుగుర్ని కని ముగ్గుర్ని పాతిపెట్టింది. ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"రొట్టె అందుకా దిగలేదు."

అవీస్ తల ఊపింది.

"ఎవరిది?"

గుండ్రెడ గొంతు తగ్గించింది. "నా కొడుకు పోయి ఆరు నెలలైందే అమ్మాయ్. ఎవరిదో చెప్పు. చంపనులే, చెప్పు."

అవీస్ ఆలోచన వారిన్ మీదికి పోయింది. రేపు తను సార్జంటు వెంట పోతే గుడిసెకు తిండి పట్టుకెళ్ళేవాళ్ళు ఉండరు. విరిగిన కాలుతో ఆకలికి చస్తాడు, లేకపోతే కుక్కలకు దొరికి చస్తాడు. ఎవరో ఒకరికి చెప్పక తప్పదు.

"మీ అబ్బాయిదే అత్తయ్యా. ఆయన స్కాట్లండు పోలేదు. పాత బొగ్గులబట్టీ దగ్గర ఉన్నారు. కాలు విరిగింది."

గుండ్రెడ మంచం మీద కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే కోడలి చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. సావిడిలో అంతమంది ముందు నిన్ను అంత మాటన్నానే అని, మళ్ళీ ఏడ్చింది. తర్వాత చటుక్కున లేచి కన్నీళ్ళు తుడుచుకుంది. రేపటిలోగా వాణ్ణి అక్కణ్ణుంచి కదిలించాలంది. ఓస్బర్ట్‌ను బండి కట్టమంటానంది.

అవీస్ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఎర్రగుర్రం సంగతి చెప్పింది. సంచి సంగతి, ఆపిల్ ముక్కల సంగతి చెప్పింది.

"గుర్రం ఎవరి సంచైనా వాసన చూస్తుంది."

"గుర్రాలవాడి భుజం కొరికింది అత్తయ్యా."

"వాడు నా కళ్ళముందు రొట్టె తిన్నాడు. నాలుగేళ్ళు దాచిన రొట్టె. నోరు తెరిచి చూపించాడు" అంది గుండ్రెడ. "వాళ్ళిద్దరూ ఒకే రొమ్ము తాగారే."

"నేను మింగలేకపోయాను కదా. మరి నేను దోషినా?"

గుండ్రెడ కోడలి ముఖం, కింద పడి ఉన్న నడికట్టు, మార్చి మార్చి చూసింది. ఎవరికీ చెప్పనని, టర్స్టన్‌తో తనే బండి కట్టించుకుని వెళ్తానని మాటిచ్చింది. మేరీమాత మీద ఒట్టేసి మరీ ఇచ్చింది.

ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చింది. కాని నోరు జారడం ఆవిడకు కొత్త కాదు. సార్జంటును ఇంటికి తెచ్చింది కూడా ఆ నోరే. ఇప్పుడు కల్లు తాగలేదు గాని, స్కాట్లండు పోయాడనుకున్న కొడుకు కూతవేటు దూరంలో ఉన్నాడన్న సంతోషం అంతకంటే మత్తుగా ఎక్కింది. మెట్లు దిగుతూ ఆవిడ తనలో తను నవ్వుకుంటోంది.

మెట్ల కింద ఓస్బర్ట్ ఉన్నాడు. స్వారీ జోళ్ళు తొడుక్కుని, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. తల్లి ముఖం చూసి, ఏడ్చావా అమ్మా అన్నాడు, ఎంతో మెత్తగా. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆవిడ ఒళ్ళో పడుకుని మాట్లాడిన గొంతే అది.

"నీ అన్న బతికే ఉన్నాడురా" అంది గుండ్రెడ.

పై మెట్టు మీద అవీస్ గోడ పట్టుకుంది.

"ఎక్కడ?" అన్నాడు ఓస్బర్ట్.

గుండ్రెడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎలా ఉన్నాడని అడుగుతాడేమోనని ఆవిడ ఇంకా ఎదురుచూస్తోంది. అతను అడగలేదు. ఆవిడ చూపు మెల్లగా కొడుకు ముఖం మీది నుంచి నడుము మీదికి దిగింది. పొద్దున అందరి ముందూ బల్ల మీద బోర్లించిన సంచి ఆపిల్ ముక్కలతో మళ్ళీ నిండుగా ఉంది.